పిల్లి నూకలు తినదు

ముందే చెప్తున్నాను, నాకు పిల్లులంటే ప్రేమేమీ లేదు. వంటింట్లోకి పిల్లి దూరితే చేతికేది అందితే అది విసిరే మనిషిని. పాలగిన్నె మీద మూత పెట్టడం మరిచిపోయినందుకు మా ఆయన గణపతిరావుని కూడా నాలుగు దులిపినదాన్ని. అలాంటిది ఒక అడవిపిల్లి కోసం ఊరందరితో తగువు పెట్టుకున్నావేమిటే కూర్మమ్మా అని ఎవరైనా అడిగితే, చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. అది నా మడిని కాసింది. రెండేళ్ళు కాసింది. నన్ను పిడికెడు మెతుకులు కూడా అడగలేదు.

మాది పాతపట్నానికి కొంచెం ఇవతల పల్లె. గెడ్డవార, అంటే వాగు ఒడ్డున, మాకు రెండెకరాల మడి ఉంది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో పొలం గట్లు ఎంత వెడల్పుండేవంటే, ఇద్దరు మనుషులు వరిమోపులు ఎత్తుకుని ఎదురుపడినా ఒకరినొకరు తప్పుకుని పోయేవారు. గట్ల మీద కందులు వేసేవాళ్ళం. రేగు పొదలుండేవి, వావిలి ఉండేది. కుందేలు, ముంగిస, నక్క, తాటిచెట్టు మీద మానుపిల్లి, ఏదో ఒకటి కంటబడని రోజు లేదు. వాటిని ఎవరూ ముద్దు చెయ్యలేదు. కుందేలు దొరికితే కూర వండుకున్నాం. అయినా అవి ఉండేవి. తర్వాత ఒక్కొక్కరూ గట్టు చెక్కి మడిలో కలుపుకున్నారు, మేమూ కలుపుకున్నాం. మిగిలిన మూరెడు గట్టు మీద గడ్డిమందు కొట్టడం నేర్చుకున్నాం. మందు కొట్టిన మూడో రోజుకి అక్కడ పచ్చనిదేదీ ఉండదు. ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాం కూడా.

ఒక్క గట్టు మాత్రం మిగిలింది. మా మడికీ నూకయ్య మడికీ మధ్య, గెడ్డవైపు చివర, నాగులచవితి పుట్ట ఉంది. పుట్ట ఉన్న గట్టుని చెక్కే ధైర్యం ఎవడికీ లేదు. దాని మీద మందు కొట్టే ధైర్యం అసలే లేదు. అందుకని పుట్టకి అటూ ఇటూ పది గజాల పొడుగున పొద అలాగే నిలిచిపోయింది. మా ఊరి మళ్ళన్నిటిలో ఏదైనా జీవం తల దాచుకోవాలంటే ఆ పది గజాలే దిక్కు.

పిల్లి అక్కడికే వచ్చింది. రెండేళ్ళ కిందట పొద్దున్నే మడికి నీళ్ళు కట్టడానికి వెళ్తే గట్టు మీద కూర్చుని ఉంది. ఇసకరంగు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, చెవుల చివర నల్లటి కుచ్చులు, పొట్టి తోక. నోట్లో పందికొక్కంత ఎలుక. నన్ను చూసి తొందరేమీ పడకుండా లేచి పొదలోకి పోయింది. నా మడిలో నన్నే లెక్కచెయ్యలేదని నాకు ఒళ్ళు మండింది.

అంతకు ముందు ఏడు ఎలకలు మా నోట మట్టి కొట్టాయి. కంకి వేస్తూ ఈనిక మీదున్న చేనుని కొడవలి పెట్టినట్టు కోసి పారేశాయి. పిల్లి వచ్చిన ఏడు నూకయ్య మడిలో అవతలి సగం పోయింది గానీ పుట్టగట్టు వైపు చేను, ఇటు మాదీ అటు అతనిదీ, నిలిచింది. నూకయ్య మా ఆయనకి వరసకి తమ్ముడు. అది నాగదేవత చలవ అన్నాడు. పిల్లి చలవరా అన్నాను నేను. నవ్వాడు. ఆ రోజు నుంచి నేను దాన్ని నా పిల్లి అనడం మొదలుపెట్టాను.

మొన్న నాగులచవితికి ఏటిలాగే ఊళ్ళో ఆడవాళ్ళమంతా పుట్ట దగ్గరికి వెళ్ళాం. పాలు పోశాం, గుడ్డు వేశాం, చిమ్మిలీ చలివిడీ పెట్టాం. దీపావళికి మిగుల్చుకున్న బాంబులు మగవాళ్ళు అక్కడే కాల్చారు. మా దగ్గర చవితికి అదో సరదా. పొదలో ఏముందో నాకు అప్పటికి తెలియదు. తెలిస్తే కాల్చనిచ్చేదాన్ని కాదు, ఎంత గొడవైనా సరే.

మర్నాడు పొద్దున్న తెలిసింది. పిల్లి పొదలోంచి బయటికొచ్చింది, నోట్లో పిల్ల. దాన్ని మెడ దగ్గర కరుచుకుని గట్టు దిగి నా చేలోకి నడిచింది. మళ్ళీ వచ్చింది, ఇంకోదాన్ని తీసుకెళ్ళింది. మళ్ళీ మూడోది. అప్పటికి మడిలో నీళ్ళు తీసేశాం. నడిమధ్యన గాలికి చేను పడిపోయి చాపలా పరుచుకుని ఉన్న చోటొకటి ఉంది. బాంబులకి హడలిపోయి, దానికన్నా మంచి చోటు లేదనుకుని అక్కడ పెట్టుకుంది. ఇంకో మూడు వారాల్లో కోత అని దానికెవరు చెప్పాలి.

నాకు మాత్రం కోత అంటేనే భయం పట్టుకుంది. కారణముంది. కిందటేడు నూకయ్య మడిని మిషను కోయడం నేను గట్టు మీద నిలబడి చూశాను. మేము చేత్తో కోసేటప్పుడు వరసగా నిలబడి ఒకవైపు నుంచి గెడ్డ వైపుకి కోసుకుంటూ పోయేవాళ్ళం. ముందు ఏది ఉంటే అది కదులుకుంటూ గెడ్డలోకి పోయేది. ఎవరి దయా కాదు, కొడవలి నడక అలాంటిది. మిషను అలా కాదు. గట్టు వెంబడి చుట్టూ తిరుగుతుంది, ఒక్కో చుట్టుకీ లోపలికి వస్తుంది. చేలో ఉన్నదంతా భయపడి మధ్యకి మధ్యకి జరుగుతుంది. ఆఖరికి మంచమంత చేను మిగులుతుంది. కిందటేడు ఆ మంచమంత చేలో రెండు కుందేళ్ళూ వాటి పిల్లలూ ఉన్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. కోతనాటికి ఆ మూడు పిల్లలూ బతికుండాలి, కోతనాడు మిషను కింద పడకుండా బయటపడాలి. మనిషి పుట్టుక పుట్టి ఆ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను.

చవితి వెళ్ళిన వారానికి దేవి వచ్చింది. మా ఊరి వ్యవసాయ సహాయకురాలు. ఉద్యోగానికి కొత్త, మనసుకి మంచిది, ఎండలో స్కూటీ మీద గట్టు గట్టుకీ తిరుగుతుంది. మమ్మల్నందరినీ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టింది.

"ఈ మంగళవారం ఊరంతా ఒక్కపాలే ఎలకల మందు పెట్టాల. ఒకలు పెట్టి ఒకలు మానేస్తే, పెట్టనోల మడిలోకి ఎలకలన్నీ ఎల్లిపోతాయి" అంది.

"నా మడికి పిల్లున్నాది. నాకు మందక్కర్లేదు" అన్నాను.

అందరూ నవ్వారు. నూకయ్య మాత్రం నవ్వలేదు. "ఒక్క పిల్లి ఎన్నని తింటాది ఒదినా. నువ్వు మందెట్టకపోతే ఊళ్ళో ఎలకలన్నీ నీ మడిలో కూకుంటాయి. మందు సత్తువ పోయాక మళ్ళీ నా మడికొస్తాయి. మాకేటి దారి" అన్నాడు.

అతని మాటలో న్యాయం ఉంది. ఉందని ఒప్పుకోవడం నాకిష్టం లేక ఎదురు అడిగాను. "నువ్వేటి పెడతావు?"

"ప్రతేడూ పెట్టిందే. గుళికల మందు, ఎండు నెత్తళ్ళూ కలిపి."

నాకు ఒక్కసారి తిక్క రేగింది. నౌపడ వైపు నుంచి బుట్టతో వచ్చే ఆమె దగ్గర మేమందరం కొనే సన్న ఎండు చేపలే ఆ నెత్తళ్ళు. ఆ వాసన తగిలితే మా ఇంటి గుమ్మం ముందుకి నాలుగు వీధుల పిల్లులొస్తాయి. "నెత్తళ్ళు పెడితే నా పిల్లి తినదేటి? దాని పిల్లలు తినవేటి? నీకు బుద్దున్నాదా నూకయ్యా, నువ్వు ఎలకలకి పెడతన్నావా, పిల్లికి పెడతన్నావా?" అని నలుగురిలో కడిగేశాను. పాపం, అతను తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు దేవి చెప్పింది. ఆఫీసు వాళ్ళు ఇచ్చే మందులో చేపలూ మాంసం ఏమీ ఉండవట. నూకలు, కాస్త వంటనూనె, మందుపొడి. కలిపి కాగితం పొట్లాలు కట్టి ఎలక కన్నాల్లో పెట్టాలట.

"పిల్లి నూకలు తినదు కదా" అని అడిగాను.

"తినదు పిన్నీ" అంది దేవి. అడిగినదానికి ఆ పిల్ల సరిగానే చెప్పింది.

నేను అక్కడికక్కడ బేరం పెట్టాను. నేనూ మందు పెడతాను, ఊళ్ళో ఒక్కరు కూడా నెత్తళ్ళు పెట్టకూడదు, అందరూ నూకల మందే పెట్టాలి. నూకయ్య తల గీరుకుని సరేనన్నాడు. మిగిలినవాళ్ళూ నా నోటికి జడిసి సరేనన్నారు. ఇంటికొచ్చాక మా ఆయన దగ్గర నేను చూపించిన గొప్ప అంతా ఇంతా కాదు. ఊరి చేత ఒక మంచి పని చేయించానని ఆ రాత్రి నిండా నిద్రపోయాను.

వెళ్ళేముందు దేవి ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది. "ఇది తిన్న వెంటనే సావవు. నాలుగైదు రోజులు పడతాది. సచ్చినవి సచ్చినట్టు ఏరి గొయ్యి తీసి కప్పెట్టీయండి." రెండూ విన్నాను. నా చెవులకి ఏ రోగమూ లేదు.

సోమవారం కన్నాలన్నీ మట్టితో మూసి వచ్చాం. మంగళవారం మళ్ళీ తెరుచుకున్న కన్నాలే ఎలకలున్నవని లెక్క. నూకలు నేనే చెరిగాను. నూనె నేనే పోశాను. చేతికి సంచి తొడుక్కుని పుల్లతో నేనే కలిపాను. పాత పేపరు చింపి, గుడిలో ప్రసాదం కట్టినంత శ్రద్ధగా పొట్లాలు కట్టాను. మా ఆయన కన్నం చూపిస్తుంటే ఒక్కో కన్నంలోకి ఒక్కో పొట్లం నా చేత్తోనే తోశాను. పిల్లలున్న చోటికి దగ్గరలో ఒక్కటైనా పెట్టలేదు. అంత జాగ్రత్త పడ్డాను.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు నుంచి ఎలకలు పట్టపగలు బయటికి రావడం మొదలైంది. గట్టు మీద తూలుకుంటూ నడిచేవి. నన్ను చూసినా పరిగెత్తేవి కావు. ఎండలో కాసేపు కూర్చుని, నాలుగడుగులు వేసి, మళ్ళీ కూర్చునేవి. చచ్చినవాటి ముక్కు దగ్గరా నోటి దగ్గరా రక్తం. నేను రోజూ తట్ట పట్టుకుని పొద్దునా సాయంత్రం గట్లన్నీ తిరిగి చచ్చిన ప్రతి ఎలకనీ ఏరాను. గెడ్డ ఒడ్డున మోకాలి లోతు గొయ్యి తీసి కప్పెట్టాను. మా మడి అయ్యాక నూకయ్య మడిలోవి కూడా ఏరాను. బతికున్నవాటి జోలికి పోలేదు. ఎలాగూ చస్తాయి కదా, చచ్చాక ఏరుదాం అనుకున్నాను.

ఆ రోజుల్లోనే పిల్లి వేట చూశాను. అంతకు ముందు ఒక ఎలుక కోసం గంటసేపు గట్టు మీద కదలకుండా కూర్చునేది. ఇప్పుడు అలా వెళ్ళి ఇలా తెచ్చేస్తోంది. ఒక్క పొద్దుటిపూట ఆరు తెచ్చింది. పడిపోయిన చేను అంచుకి పిల్లలొచ్చి ఎలక తోకలు పట్టుకుని లాక్కునేవి, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునేవి. పొట్టలు గుండ్రంగా అయ్యాయి. నేను గట్టు మీద గొంతుకూచుని పని మానేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. యాభై ఏళ్ళు వచ్చాయి, మడిలో కూర్చుని నాలో నేను నవ్వుకోవడం అదే మొదలు. మా ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను.

"సూడు, నా పిల్లి ఎలగ పడతాదో. మీ మందుకన్నా ఇదే నయం" అన్నాను.

"అవునే, బాగా పడతాది" అన్నాడు ఆయన. ఇద్దరం కలిసి మురిసిపోయాం.

డిసెంబరు మొదట్లో తుపాను అన్నారు. రెండు రోజుల్లో వాన. చేను పండి ఉంది. చేత్తో కోయిద్దామంటే మనుషులేరీ, సగం ఊరు చెన్నైలోనూ హైదరాబాదులోనూ మేడలు కడుతోంది. మా ఆయన తిరిగి తిరిగి మిషను తెచ్చాడు. దాన్ని నడిపేవాడు శివాజీ, పర్లాకిమిడి వైపు మనిషి. మాది అయిన వెంటనే నూకయ్య మడి, ఆ తర్వాత ఇంకో నలుగురిది. అందరూ ఆకాశం వంకే చూస్తున్నారు.

శివాజీ అలవాటు ప్రకారం మిషనుని గట్టు వెంట పెట్టాడు. నేను ఎదురెళ్ళి నిలబడ్డాను.

"సుట్టూ తిరగొద్దు. రోడ్డు వైపు నుంచి మొదలెట్టి పుట్టగట్టు వైపుకి కోసుకుంటూ ఎల్లు" అన్నాను.

"అలగైతే ప్రతిపాలీ ఉత్తినే ఎనక్కి రావాలమ్మా. డబల్ టైమ్ పడతాది. ఇంకా ఐదుగురి మళ్ళున్నాయి" అన్నాడు శివాజీ.

"సేలో పిల్లలున్నాయి."

ఇంజను చప్పుడులో పిల్లలు అన్నంతవరకే విని అతను కంగారుగా ఇంజను ఆపేశాడు. పిల్లి పిల్లలని తెలిశాక మొహం అదోలా పెట్టి మళ్ళీ తాళం తిప్పాడు. నేను మిషను ముందు, వరి మీదే, చతికిలబడి కూర్చున్నాను. మా ఆయన తలపట్టుకున్నాడు. గట్టు మీదున్న ఐదుగురూ నానా మాటలూ అన్నారు. అనరా మరి, వాళ్ళ ఏడాది కష్టం మడిలో ఉంది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా లేవలేదు.

ఆఖరికి నూకయ్యే అన్నాడు. "పోనీలే బాబూ, ఆవిడ సెప్పినట్టే కొయ్యి. నా మడి ఆకరున కోద్దువు గాని." తర్వాత మడి తనదే అయ్యుండి ఆ మాటన్నాడు. నేను రచ్చబండ దగ్గర నలుగురిలో కడిగేసిన మనిషి.

శివాజీ రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టాడు. ఒక పట్టీ కోసి, ఉత్తినే వెనక్కి వచ్చి, ఇంకో పట్టీ. నేను చేతిలో కర్ర పట్టుకుని మిషనుకి ముందు చేను తడుతూ నడిచాను. ఒక కుందేలు లేచి పుట్టగట్టు మీదుగా గెడ్డలోకి దూకింది. కంజు పిట్టలు ఎగిరాయి. పడిపోయిన చేను దగ్గరికొచ్చేసరికి శివాజీ తనంతట తనే మిషను ఆపేశాడు. పిల్లి తల పైకెత్తింది. మా అందరినీ ఒకసారి చూసింది. ఒక పిల్లని కరుచుకుని నా కాళ్ళకి పది బారల దూరంలోంచి నడుచుకుంటూ గట్టెక్కి పొదలో దూరింది. మళ్ళీ వచ్చింది. అన్ని మాటలన్న మగవాళ్ళందరూ దానికి దారిచ్చి పక్కకి జరిగారు. మూడోదాన్ని తీసుకెళ్ళేటప్పుడు మధ్యలో ఆగి దాన్ని కింద పెట్టి కాసేపు రొప్పింది. పాపం అలిసిపోయింది అనుకున్నాను. మళ్ళీ కరుచుకుని వెళ్ళిపోయింది. శివాజీ సెల్‌ఫోన్‌లో తీసుకున్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ఎవరు చూస్తే నాకేం అని తుడుచుకోలేదు.

మిగిలిన నాలుగు మళ్ళూ ఆ సాయంత్రానికి అయ్యాయి. నూకయ్య మడి సగంలో ఉండగా వాన అందుకుంది.

మూడు రోజులు కుండపోత. నూకయ్య మిగిలిన చేను నీళ్ళలో పడి, కంకి మీదే మొలకెత్తింది. నేను అతని ఇంటి ముందు నుంచి నడవడం మానేసి వెనక సందులోంచి తిరిగాను. అయినా లోపల ఒక మూల నాకు సంతోషంగానే ఉంది. దాచను. మూడు పిల్లలు బతికాయి కదా, ఈ పాపానికి ఆ పుణ్యం సరిపోతుంది అని లెక్కేసుకున్నాను.

వాన వెలిసిన పొద్దున్న మడికి వెళ్ళాను. పిల్లి గట్టు మీద కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళ్ళాను, లేవలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళాను. రెండేళ్ళలో ఎప్పుడూ నన్ను ఇరవై బారల లోపలికి రానివ్వనిది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని నన్ను చూస్తోంది. కొంచెం తూలింది. నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చుంది. ముక్కు దగ్గర రక్తం.

ఆ తూలడం, ఆ కూర్చోవడం, ఆ రక్తం నేను ఎరుగుదును. పది రోజులు తట్టలతో ఎత్తాను. పిల్లి నూకలు తినదు. నూకలు తిన్న ఎలకని తింటుంది. నెమ్మదైపోయి, పరిగెత్తలేక, గట్టు మీద దొరికిపోయే ఎలకని తింటుంది, ముందు పిల్లలకి పెడుతుంది. నాలుగైదు రోజులు చావవు అని ఆ పిల్ల చెప్తే విన్నాను కదా. ఆరు ఎలకలు తెచ్చిందని నా మొగుణ్ణి పిలిచి చూపించాను కదా. నా బుద్ధి గడ్డి తింది. చచ్చినవి ఏరాను, చావబోయేవి వదిలేశాను, వాటిని అది ఏరుకుంది.

పొదలో చేతులు పెట్టి వెతికాను. రెండు పిల్లలు అప్పటికే బిర్రబిగిసి ఉన్నాయి. ఒకదాని చెవిలోంచి చీమలు వస్తున్నాయి. మూడోది నన్ను చూసి పళ్ళు చూపించి బుస్సుమంది. నేనంటే దానికింకా భయం ఉంది. దాంతో నాకు ఆశ పుట్టింది. దేవికి ఫోన్ చేశాను.

అంతా చెప్పాను. "పిన్నీ, దానికి ఇంజక్షనుంటాది. విటమిన్ కె. బేగి పాతపట్నం పశువులాసుపత్రికి పట్టుకెళ్ళండి" అంది. ఫోన్ పెట్టేసే ముందు, "నాను అప్పుడే సెప్పాల్సింది పిన్నీ" అంది. నువ్వేం చెప్పాలే తల్లీ, నువ్వు చెప్పిందే నేను వినలేదు, అందామనుకున్నాను. అనకుండానే, బుట్టా బండీ తీసుకుని రమ్మని మా ఆయనకి ఫోన్ చేశాను.

పిల్లని కూరల బుట్టలో పాత చీర ముక్క పరిచి పెట్టుకున్నాను. పిల్లిని కూడా ఎత్తబోయాను. రెండు చేతులతో ఎత్తితే ఎత్తనిచ్చింది. అంత అడవి జంతువు నా చేతుల్లో గుడ్డలా వాలిపోయింది. గట్టు దిగేలోపే ప్రాణం పోయింది. దాన్ని పుట్ట పక్కన దించి, మా ఆయన బండి వెనక కూర్చుని పాతపట్నం వెళ్ళాను. దారంతా గుంతలు, గుంతలనిండా నీళ్ళు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని మూత మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఊరు దాటేదాకా లోపల గోళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత వినిపించలేదు. నిద్రపోయిందేమో అని మా ఆయన అన్నాడు. అవును అన్నాను.

పశువుల డాక్టరు గారు బుట్ట తెరిచి, పిల్లని చేతిలోకి తీసుకుని, కళ్ళు విప్పి చూసి, మళ్ళీ బుట్టలోనే పెట్టారు. పెద్దదీ పిల్లలూ నాలుగింటినీ పుట్టగట్టు పక్కన ఒకే గోతిలో పెట్టాను. ఎలకల్ని కప్పెట్టి కప్పెట్టి గొయ్యి తీయడం నా చేతికి బాగా అలవాటైపోయింది.

నూకయ్యకి నేనే వెళ్ళి చెప్పాను. నెత్తళ్ళు మానిపించి నూకలు పెట్టించింది నేను, మిషను ఆపి నీ మడి ముంచింది నేను, దేనికోసం ఇదంతా చేశానో దాన్ని చంపిందీ నేనే అన్నాను. అతను మొలకెత్తిన వడ్లు ఎండలో తిరగేస్తున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. "కూకో ఒదినా, టీ తాగెల్లు" అన్నాడు.

వరి తర్వాత మినుములు చల్లాం. మాఘమాసం వచ్చేసరికి మినప చేను కాయ మీదుంది. ఒకరోజు పొద్దున్న వెళ్తే కన్నాలు. గట్లనిండా కన్నాలు, పుట్టగట్టులో కూడా. ఎలకలు ఎక్కణ్ణుంచి వస్తాయో వస్తాయి, వాటికి కరువు లేదు. ఊరి మందుకి చచ్చినవాటికి రెండింతలు వచ్చాయి. కాయ కాయనీ ఒలిచి తొక్క వదిలేశాయి. ఈసారి పుట్టగట్టు వైపే ఎక్కువ పోయింది. నేను పొద్దున్నే వెళ్ళి ఆ గట్టు మీద కాసేపు కూర్చుంటాను. అక్కడ ఏమీ ఉండదు. కుందేలు కూడా మళ్ళీ కనబడలేదు.

దేవి మళ్ళీ వచ్చింది. మంగళవారం ఊరంతా మందు పెట్టాలంది. ఈసారి చచ్చినవాటినే కాదు, తూలుతున్నవాటిని కూడా ఏరాలని రెండుసార్లు చెప్పింది. చెప్తున్నంతసేపూ నా మొహం చూడలేదు.

సాయంత్రం నూకయ్య మా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పు కాలితో నేల గీస్తూ అడిగాడు.

"నూకల మందుకి ఎలకలు అలవాటు పడిపోనాయి అంటన్నారు ఒదినా. ఈపాలి నెత్తళ్ళు కలిపీమా? నువ్వొద్దంటే కలపను."

నన్ను అడిగి చేద్దామని వచ్చాడు, అంత మంచివాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. పిల్లులకి అందకుండా అటక మీద దాచిన నెత్తళ్ళ డబ్బా దించాను. మూత తీసి, ఉన్నవన్నీ కాగితంలో పోసి, పొట్లం కట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాను.

"కలుపు. ఇంక తినడానికి ఎవులున్నారు" అన్నాను.